మూడుసార్లాయన

ఎర్రదీపం ఇంకా వెలగలేదు. వెలగడానికి యాభై ఆరు నిమిషాలుంది. ఆ సంగతి తెలిసి కూడా చెల్లెలు నిమిషానికోసారి తలెత్తి తలుపు పైకి చూస్తోంది, చూసి మళ్ళీ ఒళ్ళోని కోటు మీదికి తల దించుకుంటోంది. ఐదు కాజాలు కుట్టాలి, మొదటిది సగంలో ఉంది. రేడియో స్టేషను నడవాలో బల్ల మీద కూర్చుని కాజాలు కుట్టేవాళ్ళుంటారా అని వచ్చేపోయేవాళ్ళు అనుకుంటే అనుకోనీ, చేతులు ఖాళీగా ఉంటే నోరు ఊరుకోదు, నోరు జారితే ఇవాళ కొంప మునుగుతుంది, జారకపోయినా మునుగుతుంది, అదీ తమాషా. తలుపుకున్న గాజుపలకలోంచి అక్క వీపు కనబడుతోంది. అరవై మూడేళ్ళ మనిషి పరీక్ష రాయడానికి వచ్చినట్టు నిటారుగా కూర్చుంది, జాకెట్టు భుజం దగ్గర కుట్టు అర వెంట్రుక పైకి లేచింది, ఇంట్లో చూసుకోలేదు, ఇద్దరు దర్జీలుండే కొంపలో కూడా ఇలాగే ఉంటుంది. అనౌన్సరమ్మాయి వచ్చి చెప్పి వెళ్ళింది, సరిగ్గా నాలుగింటికి దీపం వెలుగుతుందండీ, వెలిగాక ఎవ్వరూ లోపలికి రాకూడదు, ఈలోగా ఏదన్నా ఉంటే మాత్రం వచ్చి చెప్పండి, అని. ఏదన్నా ఉంటే అట. ఉంది తల్లీ, పదకొండేళ్ళుగా ఉంది. ఆ రికార్డులో ట్రాంబోను ఆయన ఆ ముక్క మూడుసార్లు వాయించలేదు. ఒక్కసారే వాయించాడు.

అంతే, ఒక్క ముక్క. లోపలికి వెళ్ళి అక్క చెవిలో వేసి రావడానికి అర నిమిషం పట్టదు. పదకొండేళ్ళలో ఎన్ని అర నిమిషాలు పోయాయో, అక్క ఇస్త్రీ చేస్తుండగా, అక్క చేతికి సూదిలో దారం ఎక్కించి ఇస్తుండగా, ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికి నడుస్తుండగా, నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఇవాళ అక్క నాలుగింటికి నోరు తెరిచి, ఊరందరూ వింటుండగా, ఇప్పుడు చూడండి, ఈయన ఒకే మాట మూడుసార్లంటాడు, అని చెప్పి రికార్డు వేయిస్తుంది. స్టేషను వాళ్ళ రికార్డు. శుభ్రంగా ఉన్నది. అందులో ఆయన ఒక్కసారి అని ఊరుకుంటాడు. అక్క పరువు గంగపాలు. జీవితంలో మొదటిసారి ఒకరు వచ్చి, అమ్మా మీ అభిప్రాయం చెప్పండి అని అడిగిన రోజునే. గుర్రానికి కళ్ళెం వేసి గోతిదాకా నడిపించుకెళ్ళినట్టు అయింది చెల్లెలి పని, ఉదయం ఆ జాకెట్టు గుండీలు పెట్టింది కూడా తనే. సూది మళ్ళీ పైకి వచ్చింది, దారం లాగింది, ముడి పడింది, విప్పింది.

ఎక్కడో చల్లగాలి యంత్రం ఒకటే స్వరం మీద మూలుగుతోంది. రికార్డులో క్లారినెట్టు వాయించే జలుబాయన స్వరం ఇదే, చెల్లెలికి నవ్వొచ్చింది. ఆయనకి జలుబని చిన్నప్పుడు అక్కే తేల్చింది, ముక్కుతో వాయిస్తున్నాడే, పాపం ఎవరూ కషాయం ఇచ్చినట్టు లేదు, అని. పియానో ఆయన పొదుపాయన, నాలుగు మీటలు నొక్కి ఇవాళ్టికి చాలనుకునే రకం. ట్రంపెట్లలో చివరి కుర్చీ ఆయన అలకాయన, అందరూ అందుకున్న తర్వాత బతిమాలితే వచ్చినట్టు వస్తాడు, వచ్చాడా, ఇక మిగతావాళ్ళు వాయించడం ఎందుకనిపిస్తుంది. రికార్డు అట్ట మీద వీళ్ళెవరి పేర్లూ పెద్దగా ఉండవు. పెద్దక్షరాల్లో బ్యాండు పెద్దాయన పేరు, ఆయన పళ్ళు, ఆయన తల నూనె మెరుపు. వెనక్కి తిప్పితే అడుగున, చీమల బారులా, పదహారు పేర్లు. ఎవరెవరు లేచారో మాత్రం రాయరు. లేవడం అన్నది వాళ్ళింటి మాట. అంత పెద్ద బ్యాండులో పదహారుమంది కూర్చుని వాయిస్తారు, తన వంతు వచ్చినవాడు లేచి నిలబడి ఒక్కడే వాయించి మళ్ళీ కూర్చుంటాడు, నాన్న చెప్పాడు, కళ్ళారా చూశాడు కాబట్టి. అప్పట్నుంచి రికార్డులో ఎవరన్నా ఒంటరిగా అందుకుంటే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచాడు అనేవాళ్ళు. సంగీతం తెలిసినవాళ్ళు దాన్ని సోలో అంటారని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు, తెలిశాక కూడా మార్చుకోలేదు.

నాన్న దర్జీ. ఊళ్ళో పెద్ద హోటలు వాళ్ళ డాన్సు బ్యాండుకి పదహారు కోట్లు కుట్టాడు, ఒకే గుడ్డ, పదహారు కొలతలు. కోటు వేసుకుని నిలబడితే చాలదర్రా, వాయిస్తుండగా కొలవాలి, అనేవాడు. ట్రంపెట్టు వాడికి చంకల్లో వదులు కావాలి, డ్రమ్ముల వాడికి వీపు మధ్యలో మడత వదలాలి, ట్రాంబోను వాడు గొట్టాన్ని ముందుకి తోసి వెనక్కి లాగుతాడు కాబట్టి కుడి చెయ్యి వేలెడు పొడుగు పెట్టాలి, పెట్టకపోతే పాట మధ్యలో ముంజేయి బయటపడి పాలు పితకడానికి వచ్చినవాడిలా ఉంటాడు. ఆ కోట్లు కత్తిరించేటప్పుడు నాన్న పక్కన అక్క దీపం పట్టుకుంది. అక్కడ పట్టుబడింది ఆవిడకి ఆ విద్య. రికార్డు వింటూ, ఈయన భుజాలు వాలిపోయి ఉంటాయే, అనేది. వీడికి బొజ్జ ఉంది, ఊపిరి అక్కణ్ణుంచి వస్తోంది, కింది గుండీ పెట్టుకోడు, అనేది. చెల్లెలు పడీ పడీ నవ్వేది. హోటలు బ్యాండు చెదిరిపోయాక దాని పెద్దాయన రికార్డుల పెట్టె తెచ్చి నాన్న బల్ల మీద పెట్టాడు, నేను మోసుకు తిరగలేను మాస్టారూ, మీ పిల్లలు వింటారుగా, అని. వాటిలో చాలావరకు అప్పటికే విని అరగదీసినవి. ఒక్కటి మాత్రం అట్ట మీద కాగితం కూడా చింపకుండా ఉంది.

వాచ్‌మన్ కుర్చీ జరుపుకున్నాడు, కాలు గచ్చుకి తగిలి టక్కుమంది. చెల్లెలి సూది ఇత్తడి టోపీకి తగిలి జారింది. కుట్టేటప్పుడు గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే టోపీ, నాన్నది, తొమ్మిదేళ్ళప్పుడు మూడు వేళ్ళు దూరేవి, ఇప్పుడు నడిమివేలికి అతికినట్టు సరిపోతుంది. అదే టోపీ, అదే వేలు. పదకొండేళ్ళుగా ఈ టోపీ తీసి బల్ల మీద పెట్టినప్పుడల్లా ఆ చప్పుడు ఆగి వింటోంది.

ఇంట్లో ఒక కట్టుబాటు, కొత్త రికార్డు ఏదొచ్చినా మొదట అక్క వినాలి. పెద్దది కాబట్టి. అక్కకి పదిహేడు, చెల్లెలికి తొమ్మిది. ఆ రోజు నాన్న కొలతలకి వెళ్ళాడు, అక్క మేడ మీద బట్టలు ఆరేస్తోంది, పెట్టె ఎదురుగా ఉంది, తొమ్మిదేళ్ళ పిల్ల ఏం చేస్తుంది. కాగితం చింపింది. రికార్డు తీసి ప్లేయరు మీద పెట్టింది. నాన్న టోపీ పెట్టుకుని పెద్ద దర్జీలా తిరుగుతోంది కదా, ఆ టోపీతోనే ముల్లు పట్టుకుని మొదట్నుంచి కాకుండా మధ్యలో పెట్టబోయింది, మధ్యలోనే బాగుంటుందని ఎవరు చెప్పారో. వేలు జారింది. టక్. టోపీ అంచు రికార్డుకి తగిలింది. వెంటనే తీసి అట్టలో దూర్చి, పెట్టెలో అడుగున పెట్టి, టోపీ యథాస్థానంలో పెట్టి, ఏమీ ఎరగని నంగనాచిలా దారం ఉండలు చుట్టుకుంటూ కూర్చుంది. సాయంత్రం అక్క ఆ రికార్డే తీసింది. కాగితం ఏదే అని అడగలేదు. ముల్లు పెట్టింది. చెల్లెలు కళ్ళు మూసుకుని దెబ్బకి సిద్ధపడింది. పాట సగం నడిచింది, పదహారుమందీ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఆగారు, ట్రాంబోను లేచింది. ఆరు స్వరాలు. మెట్లెక్కుతూ ఎక్కుతూ చివరి మెట్టు దగ్గర ఆగాయి. మళ్ళీ అవే ఆరు. మళ్ళీ అవే ఆరు, మూడోసారి చివరి మెట్టు ఎక్కేసి అక్కణ్ణుంచి హాయిగా పక్కకి నడుచుకుంటూ వెళ్ళిపోయాయి. అక్క లేచి నిలబడింది. "చూశావే? మూడుసార్లన్నాడు! ఒకే మాట! ఎంత గుండె ఉండాలి!" చెల్లెలు కూడా లేచి చప్పట్లు కొట్టింది, తను తగిలించిన దెబ్బ రికార్డుకి ఏమీ కాలేదన్న ఆనందంతో. ఆ పూట నుంచి ఆయన పేరు మూడుసార్లాయన. మధ్యమధ్య వినబడే టక్కుల్ని కూడా అక్క వదల్లేదు, డ్రమ్ములాయన మూడుసార్లాయనకి కర్రతో సై కొడుతున్నాడే, వాళ్ళిద్దరూ స్నేహితులయ్యుంటారు, అని తేల్చింది.

మొదటి కాజా అయింది, రెండోది మొదలు. అయినా నిజంగా ఆ రోజు నుంచి అక్క తనని ముల్లు ముట్టుకోనివ్వలేదు, ఎందుకో. ఎన్నేళ్ళొచ్చినా, ఉండవే నేను పెడతాను, నీ వేళ్ళు ఊరుకోవు, అనేది. పెద్దరికం అనుకుంది చెల్లెలు. ఇంటికి పెద్దపిల్లలంతా అంతే.

మూడుసార్లాయన వాళ్ళింట్లో మనిషైపోయాడు. ఒకసారి చెప్తే మర్యాద, రెండోసారి చెప్తే మనవి, మూడోసారి చెప్తే మనసు, అని అక్క ఒక శాస్త్రం కట్టింది. గుడ్డ కత్తిరించే ముందు మూడుసార్లు కొలవాలి, మూడోసారి కూడా అదే వస్తేనే కత్తెర. నాన్న రెండుసార్లే కొలిచేవాడు, చివరి రోజుల్లో కూతురు అడిగిందని మూడోసారి కూడా టేపు తీసేవాడు, సరే నీ ట్రాంబోను వాడి కోసం, అని నవ్వేవాడు. పెళ్ళి మాట ఎవరన్నా ఎత్తితే అక్క ముందు వాళ్ళ కొలతలు తీసి, తర్వాత కుదరదని చెప్పేది, వాళ్ళు వినకపోతే మళ్ళీ, మళ్ళీ. పక్కవీధిలో వాద్యాలు మరమ్మతు చేసే ఆయన ఒక్కడే పేచీ పెట్టేవాడు, లేచినవాడికి ఇచ్చేదే గుప్పెడు జాగా తల్లీ, అందులో ఒకే ముక్క మూడుసార్లు ఎవడంటాడు, నాకు నమ్మకం లేదు, అని. నమ్మకం లేకపోతే చెవులు మరమ్మతు చేయించుకోండి, అని అక్క. ఆయనా వింటాడు ఇవాళ, రేడియో పక్కన కుర్చీ వేసుకుని. అక్క రికార్డు కంపెనీకి ఉత్తరాలు రాసింది, వెనక చీమబారులో ట్రాంబోను పేర్లు మూడున్నాయి, లేచింది ఎవరు, దయచేసి తెలుపగలరు, అని. మూడు ఉత్తరాలు, లెక్కప్రకారం. జవాబు లేదు. మూడో కుర్చీ ఆయనే అయ్యుంటాడని అక్క తీర్మానించుకుంది, మొదటి కుర్చీ వాడికి అంత ఓపిక ఉండదట.

చెల్లెలి భర్త పోయిన రోజు. ఇది ఎందుకొచ్చింది ఇప్పుడు, రానీ. అతను పొద్దున్న బూట్లు వేసుకుంటూ పడిపోయాడు, ఒక్క బూటు కాలికి ఉంది. మధ్యాహ్నానికి ఇల్లంతా జనం, అందరూ ఏదో ఒకటి అంటున్నారు, ఏదీ చెవికెక్కడం లేదు. అక్క వచ్చి పక్కన కూర్చుని, నేనున్నానే, అంది. వినబడలేదు. మళ్ళీ, నేనున్నానే, అంది. ఊఁ, అంది చెల్లెలు. మూడోసారికి ముందు సరిగ్గా ఆ ట్రాంబోను ఆగినంత సేపు ఆగి, నేనున్నాను కదే, అంది. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ తర్వాత బట్టలు సర్దుకుని కొట్టుకి వచ్చేసింది, అక్క పక్కన మిషను వేసుకుంది, పంతొమ్మిదేళ్ళు. ఆ మూడోసారి లేకపోతే తను ఏమయ్యేదో. అది గీత అట. టోపీ గీత. రికార్డుకి తగిలిన దెబ్బ మీద ముల్లు ఎక్కలేక రెండుసార్లు వెనక్కి జారి, మూడోసారి ఎలాగో దాటేది, అంతే, అందులో ఎవరి గుండే లేదు, ఎవరి ఓపికా లేదు. చెల్లెలు దారం కొరికింది. నాలుక చివర నూలు రుచి.

తలుపు తెరుచుకుంది. అక్కే. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం, రెండో చేతిలో ఖాళీ గ్లాసు.

"నీళ్ళెక్కడున్నాయే ఇక్కడ? లోపల గొంతు ఆరిపోతోంది."

చెల్లెలు తన సీసా అందించింది. అక్క నిలబడే గటగటా తాగింది. కళ్ళు మెరుస్తున్నాయి, కాటుక పెట్టుకుంది, ఎన్నాళ్ళకి.

"కంగారుగా ఉందా అక్కా?"

"కంగారెందుకు, కత్తిరించడమా ఏమన్నానా. మాట్లాడటమేగా. నువ్వు చూస్తూండు, అతను లేచే ముందు నేను ఒక్క ముక్క చెప్తాను, ఒకే మాట మూడుసార్లంటాడు, వినండి, అని. అంతే. తర్వాత నోరు కుట్టేసుకుంటాను. వినేవాళ్ళని వాళ్ళ మానాన వదిలెయ్యాలి. మూడోసారి వచ్చేసరికి వాళ్ళకే తెలుస్తుంది."

"అక్కా..."

"ఏంటే?"

"మన రికార్డే తెచ్చుకోవాల్సింది."

"నేనూ అదే అన్నాను. ఆ అమ్మాయి వద్దంది, మీది అరిగిపోయుంటుందండీ, మా దగ్గర ఎవ్వరూ ముట్టుకోనిది ఉంది, అంది. పోనీలే. నలభై ఆరేళ్ళు గరగరల్లో విన్నాం, ఒక్కసారన్నా అతన్ని శుభ్రంగా వినొద్దూ? ఇప్పుడే వేసి చూపిస్తానంది, నేనే వద్దన్నాను. అందరితో పాటే వింటాను." గ్లాసు పక్కన పెట్టి తల వంచింది. "చెప్పు, ఏదో అనబోయావు."

ఇదే ఆ అర నిమిషం. చెప్పేస్తే ఏమవుతుంది, కాగితం మీద రాసుకున్నదంతా కొట్టేసుకుని, కాటుక కళ్ళతో లోపలికి వెళ్ళి, పొదుపాయన గురించో జలుబాయన గురించో రెండు ముక్కలు చెప్పి వచ్చేస్తుంది, పరువు దక్కుతుంది, మూడుసార్లాయన పోతాడు. చెప్పకపోతే పరువూ పోతుంది, మనిషీ పోతాడు. చెప్పడమే నయం కదా, లెక్క తేలిపోయింది కదా, మరి నోరు రాదేం. ఆ మొహం చూస్తూ ఎలా అనడం, అక్కా ఆయన లేడు, అది నా వేలు, అని.

"భుజం కుట్టు లేచింది. ఇలా తిరుగు," అంది చెల్లెలు. నిలబడి, ఇత్తడి టోపీతో కుట్టుని అదిమి, రెండు పోగులు వేసి దారం తెంపింది. అక్క మెడ వెనక వెంట్రుకలు తడిసి ఉన్నాయి.

"రేడియోలో భుజాలు ఎవరు చూస్తారే పిచ్చిదానా," అని అక్క నవ్వి, లోపలికి వెళ్ళిపోయింది.

మూడు ముప్పావు. నాలుగో కాజా. అసలు ఈ కోటు వల్లే వచ్చింది ఇదంతా. అనౌన్సరమ్మాయి తన తండ్రి కోటు తెచ్చి, నాకు సరిపోయేటట్టు చెయ్యండి, ఆయన వాసన పోకుండా చూడండి, అంది. కొట్లో అప్పుడు రికార్డు తిరుగుతోంది, అక్క అలకాయన మీద చెణుకులు వేస్తోంది, ఆ పిల్ల టేపు చుట్టించుకోవడం మానేసి ముప్పావుగంట విన్నది. మా స్టేషనుకి వచ్చి ఇలాగే చెప్పండి, ఎవరికీ తెలియనివాళ్ళ గురించి, అంది. అక్క ఎప్పుడూ లేనిది సిగ్గుపడింది. వెనక్కి తిరిగి బొత్తాల డబ్బా సర్దుతున్నట్టు నటించింది. చెల్లెలు చూసింది అది. అప్పుడే చెప్పాల్సింది, ఆ వారమంతా అక్క కాగితం మీద రాసుకుంటూ, కొట్టేస్తూ, బుట్టలో పారేస్తూ ఉన్నప్పుడైనా.

పాతసామాన్ల కొట్టు, పదకొండేళ్ళ కిందట. పాత గుండీల కోసం వెళ్ళింది, కొమ్ము గుండీలు, ఇప్పుడు దొరకవు. డబ్బాలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే వెనకాల మూడుసార్లాయన లేచాడు. చెయ్యి ఆగిపోయింది. దూరదేశంలో ఇంటిమనిషి గొంతు విన్నట్టయింది. ఆరు స్వరాలు, మెట్లెక్కి, చివరి మెట్టు కూడా ఎక్కి, వెళ్ళిపోయాడు. అయ్యో మీ రికార్డు పాడైందండీ, రెండుసార్లు మింగేసింది, అంది కొట్టతనితో. అతను ముల్లు వెనక్కి పెట్టాడు. మళ్ళీ ఒక్కసారే. పాడవడమేంటమ్మా, పలకలా ఉంది చూడండి, అని తీసి వెలుతురుకి పట్టాడు. నల్లగా, నున్నగా, ఒక్క గీత లేదు. అప్పుడు వినబడింది చెవిలో ఆ టక్. ముప్పై అయిదేళ్ళు నిద్రపోయి లేచిన టక్. గుండీలు మర్చిపోయింది, రికార్డు కొనేసింది, అక్క కంటపడకూడదని, ఊళ్ళో ఆ రెండోది ఉండకూడదని. కోట్ల లోపలి గట్టిగుడ్డ చుట్టల కింద దాచింది. దొంగసొత్తు దాచినవాడికి నిద్రెక్కడిది, అక్క ఊరెళ్ళినప్పుడో, జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడో తీసి వినేది. మొదట్లో ఒళ్ళు మండేది ఆయన మీద. ఇంతేనా నువ్వు, ఒక్కసారి అనేసి పోతావా, మా అక్క నీ కోసం ఎన్ని ఉత్తరాలు రాసింది. తర్వాత తర్వాత, ఎప్పుడో తెలియకుండా, ఆయనంటే ఇష్టం పుట్టింది. ఒక్కసారి అంటాడు, సందేహించడు, వెనక్కి చూడడు, చివరి మెట్టు మీద మాత్రం కాస్త, గోరంత, ఊగుతాడు. అది గీత ఉన్న రికార్డులో వినబడదు, గీత మింగేసింది. ఆ ఊగడం ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే మనిషిని ఇష్టపడుతున్నారు అనుకుంటూ ఇద్దరు వేరువేరు మనుషుల్ని ఇష్టపడుతున్నారు, నవ్వాలో ఏడవాలో. అక్కకి వినిపించాలని ఎంత ఉండేదో. ఇదిగో ఇక్కడ ఊగాడు చూడు, కుడి చెయ్యి పొడుగు చాలినట్టు లేదు, అని అక్క అంటే వినాలని.

మూడు యాభై ఎనిమిది. చెల్లెలు లేచింది. లేచి తలుపు దాకా వెళ్ళింది, పిడి మీద చెయ్యి వేసింది. గాజులోంచి అక్క కనబడింది, ఇప్పుడు పక్కకి తిరిగి కూర్చుంది, ఎదురుగా మైకు, పెదాలు కదుపుతోంది, చేత్తో గాలిలో మూడుసార్లు మెట్లు గీస్తోంది, మొహం పదిహేడేళ్ళ మొహం. ఇంత సంతోషాన్ని లోపలికి వెళ్ళి ఎలా కత్తిరించడం, ఏ కొలతకి. మూడోసారి కొలవకుండా కత్తెర పెట్టకూడదు. అర నిమిషం గడిచింది, ఇంకో అర నిమిషం. వాచ్‌మన్ దగ్గాడు. పిడి చెమటకి జారింది. తలుపు మీద దీపం ఎర్రగా వెలిగింది. చెల్లెలు వెనక్కి వచ్చి బల్ల మీద కూలబడి కోటు ఒళ్ళోకి లాక్కుంది. ఐదో కాజా. గోడ మీది స్పీకరులో కిరకిరమని, అనౌన్సరమ్మాయి గొంతు, ఆ తర్వాత అక్క గొంతు, గట్టిగా పిండి ఆరేసిన గుడ్డలా బిగుసుకుని, రెండు వాక్యాల తర్వాత వదులై.

"పేరు పెద్దక్షరాల్లో వేసుకున్నవాళ్ళ గురించి చెప్పడానికి బోలెడుమంది ఉన్నారండీ. నేను మూడో కుర్చీ ఆయన గురించి చెప్తాను." బాగా చెప్తోంది. నాన్న కోట్లు, చంకలో వదులు, జలుబాయన, కషాయం. లోపల అనౌన్సరమ్మాయి నవ్వు ఆపుకోలేకపోతోంది. వాచ్‌మన్ కూడా నవ్వాడు. "ఇప్పుడు వినండి. ఒకే మాట. మూడుసార్లంటాడు. ఇంకేం చెప్పను."

రికార్డు మొదలైంది. ట్రంపెట్లు, వాటి వెనక అందరూ, డ్రమ్ములాయన అడుగు వేస్తున్నాడు, ఎంత శుభ్రంగా ఉంది, ఒక్కొక్కడూ విడివిడిగా కనబడుతున్నాడు. అలకాయన కూడా వచ్చాడు. ఆగారు. లేచాడు. ఆరు స్వరాలు. ఎక్కి, చివరి మెట్టు మీద గోరంత ఊగి, ఎక్కేసి, పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు. టక్కు లేదు, సై లేదు. బ్యాండు మళ్ళీ కూడుకుంది, పాట చివరికంటా నడిచి అయిపోయింది. చల్లగాలి యంత్రం మూలుగు. కళ్ళు మూసుకుంది చెల్లెలు, తొమ్మిదేళ్ళప్పటిలాగే.

"అమ్మా..." అంది అనౌన్సరమ్మాయి గొంతు, మెల్లగా.

"ఉండమ్మా," అంది అక్క. "ఒక్కసారే అన్నాడు. కదూ?" కాగితం మడత పెడుతున్న చప్పుడు. "మా ఇంట్లో మాత్రం నలభై ఆరేళ్ళు మూడుసార్లే అన్నాడండీ. నేను అబద్ధం చెప్పలేదు." ఆగింది. ఆ ట్రాంబోను ఆగినంతసేపు ఆగింది. తర్వాత చిన్నగా, ముక్కులోంచి, నవ్వు మొదలైంది. "ఆ రికార్డు వచ్చిన రోజు నేను మేడ మెట్ల మీంచి చూశాను. మా చెల్లెలు తొమ్మిదేళ్ళది, వేలికి నాన్న ఇత్తడి టోపీ పెట్టుకుని ముల్లుతో తంటాలు పడుతోంది. టక్కుమంది. హడలిపోయింది పాపం. నాన్నకి తెలిస్తే చెయ్యి చేసుకుంటాడని చూడనట్టే ఊరుకున్నాను. అప్పట్నుంచి దాన్ని ముల్లు ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం వింటే రికార్డు బాగానే ఉంది, ఏమీ కాలేదనుకున్నాను. ఇదిగో, ఇప్పటిదాకా అలాగే అనుకున్నాను."

సూది గాలిలో ఆగిపోయింది.

"అయితే మొదటిసారి ఆయన వాయించాడండీ. చాలా బాగా వాయించాడు, చివర్లో కాస్త ఊగాడు చూశారా, కుడి చెయ్యి పొడుగు చాలలేదు. మిగతా రెండుసార్లూ వాయించింది మా చెల్లెలు. ఆ రెండుసార్లూ లేకపోతే మేం బతికిన బతుకు ఇంకోలా ఉండేది. అట్ట మీద దాని పేరు లేదు. అందుకని ఇక్కడ చెప్తున్నాను." చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి, మూడుసార్లు చెప్పింది.

వాచ్‌మన్ తల తిప్పి చూశాడు. కోటు ఒళ్ళోంచి జారిపోతుండగా, కుట్టని ఐదో కాజాకి సూది వేలాడుతుండగా, చెల్లెలు బల్ల మీంచి లేచి నిలబడింది.